రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్

రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అనేది నాడీ మండలానికి సంబంధించిన ఒక దీర్ఘకాలిక రుగ్మత. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు గాని, పడుకున్నప్పుడు గాని కాళ్ళను కదిలించి తీరాలనే ఆపుకోలేని తపన కలగడం దీని ముఖ్య లక్షణం. కాళ్ళు కదిలిస్తే లేదా లేచి నడిస్తే బాధ తగ్గుతుంది, మళ్ళీ పడుకోగానే తిరిగి వస్తుంది. సాయంత్రం మొదలై రాత్రి పెరిగే ఈ బాధ వల్ల రోగికి నిద్ర కరువవుతుంది. రోగి ప్రక్కన నిద్రించే భార్యకు లేదా భర్తకు కూడా నిద్ర ఉండదు. దీనిని మొదట వర్ణించిన ఇద్దరు వైద్యుల పేర్ల మీదుగా విల్లిస్-ఎక్‌బామ్ వ్యాధి అని కూడా పిలుస్తారు.

తెలుగువారు ఈ బాధను "కాళ్ళు పీకుతున్నాయి", "కాళ్ళు లాగుతున్నాయి", "పిక్కల్లో పురుగులు పాకుతున్నట్లుంది" వంటి మాటలతో చెబుతుంటారు. అలసటకు, కీళ్ళ నొప్పులకు కూడా ఇవే మాటలు వాడడం వలన, రోగి చెప్పినది విన్న వారికి ఇది వేరొక వ్యాధి అని తట్టకపోవచ్చు. అందుచేత చాలామంది ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు, బలం మందులు, నిద్ర మాత్రలు వాడుతూ కాలం గడుపుతారు. ఈ వ్యాధిని గుర్తిస్తే చికిత్స ఉంది. తీవ్రమైన బాధ ఉన్నవారిలో కూడా చాలామందికి ఉపశమనం లభిస్తుంది.

చరిత్ర

ఆంగ్లేయ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లో లాటిన్ భాషలో ప్రచురించిన గ్రంథంలో ఈ వ్యాధిని వర్ణించాడు. పడుకోగానే కాళ్ళు చేతులు ఎగిరిపడి, చిత్రహింసకు గురైనట్లుగా నిద్రకు దూరమయ్యే రోగులను గురించి అతడు వ్రాశాడు. వారికి నల్లమందుతో చేసిన ద్రావకాన్ని ఇచ్చి ఉపశమనం కలిగించాడు. 1861లో జర్మన్ వైద్యుడు థియొడర్ విట్‌మాక్ దీనిని కాళ్ళలోని ఆందోళనగా, అంటే ఒక మానసిక సమస్యగా భావించాడు. ఈ అభిప్రాయం చాలాకాలం కొనసాగింది.

స్వీడన్‌కు చెందిన నాడీ వైద్యుడు కార్ల్-ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో ఈ వ్యాధిపై సమగ్రమైన గ్రంథం వెలువరించి, దానికి నేటి పేరు పెట్టాడు. రక్తహీనతకు, గర్భధారణకు దీనితో గల సంబంధాన్ని కూడా అతడు గుర్తించాడు. 1953లో స్వీడన్‌కే చెందిన నార్డ్‌లాండర్ ఇనుమును నరం ద్వారా ఎక్కించి రోగులకు మేలు కలగడం చూశాడు. 1982లో టర్కీ వైద్యుడు షెవ్‌కెత్ అక్‌పినార్, పార్కిన్‌సన్ వ్యాధికి వాడే లెవోడోపా ఈ బాధను కూడా తగ్గిస్తుందని తెలియజేశాడు. నల్లమందు, ఇనుము, డోపమిన్ అనే ఈ మూడు దారులూ నేటి చికిత్సలో ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి.

వ్యాప్తి

ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలో పెద్దవారిలో సుమారు 5 నుండి 10 శాతం మందికి ఈ లక్షణాలు ఉంటాయి. చికిత్స అవసరమయ్యేంత బాధ 2 నుండి 3 శాతం మందిలో కనిపిస్తుంది. ఆసియా దేశాలలో ఇది కొంత తక్కువ. బెంగుళూరు నగరంలో జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సుమారు 2 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. పురుషుల కంటే స్త్రీలలో ఇది దాదాపు రెండింతలు ఎక్కువ. వయసుతో పాటు పెరుగుతుంది, అయితే చిన్నపిల్లలలో కూడా రావచ్చు.

లక్షణాలు

వ్యాధి నిర్ధారణకు ఈ క్రింది ఐదు అంశాలు ఉండాలి.

1. కాళ్ళను కదిలించాలనే బలమైన తపన. సాధారణంగా దీనితో పాటు లోపల పాకుతున్నట్లు, గుంజుతున్నట్లు, మెలిపెడుతున్నట్లు అసౌకర్యం ఉంటుంది.
2. విశ్రాంతి సమయంలో ఇది మొదలవడం లేదా పెరగడం.
3. కదలిక వలన, కనీసం కదులుతున్నంతసేపు, పూర్తిగా గాని కొంతగాని తగ్గడం.
4. సాయంత్రం, రాత్రి వేళల్లో మాత్రమే రావడం లేదా ఎక్కువ కావడం.
5. ఈ లక్షణాలకు వేరొక వ్యాధి గాని, అలవాటు గాని కారణం కాకపోవడం.

అసౌకర్యం చర్మం మీద కాక, లోతుగా ఉన్నట్లు అనిపిస్తుంది. తీవ్రమైన వ్యాధిలో చేతులకు కూడా ప్రాకుతుంది. రాత్రి బస్సు ప్రయాణం, విమాన ప్రయాణం, సినిమా చూడడం వంటి కదలకుండా కూర్చోవలసిన పనులు దుర్భరమవుతాయి. తెల్లవారుజామున బాధ తగ్గుతుంది. అప్పుడు పట్టిన నిద్రే చాలామంది రోగులకు ఆ రోజుకు దక్కిన నిద్ర.

కూర్చున్నప్పుడు కాళ్ళు ఊపడం అనే అలవాటు ఈ వ్యాధి కాదు. కాళ్ళు ఊపితే అరిష్టమని పెద్దలు మందలించే ఆ అలవాటును ఆపమంటే ఆపవచ్చు, ఆపినందువల్ల బాధ కలగదు. ఈ వ్యాధిలో కదలకుండా ఉండడమే బాధ.

పిక్క పట్టేసినప్పుడు కండరం గట్టిపడి నొప్పి పుడుతుంది, సాగదీస్తే పోతుంది. మధుమేహం వలన నరాలు దెబ్బతిన్నవారిలో మంటలు, తిమ్మిర్లు పగలు కూడా ఉంటాయి, నడిచినా పెద్దగా తగ్గవు. సిరలు ఉబ్బినవారికి నిలబడితే నొప్పి పెరుగుతుంది. కొన్ని మానసిక వ్యాధుల మందుల వలన కలిగే అకథీసియాలో శరీరమంతటా అస్థిమితం ఉంటుంది, అది రాత్రివేళకే పరిమితం కాదు. అయితే ఒకే వ్యక్తిలో వీటితో పాటు ఈ వ్యాధి కూడా ఉండవచ్చు.

నిద్రలో కాళ్ళ కదలికలు

ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు 80 శాతం మందికి నిద్రలో కాళ్ళు వాటంతట అవే కదులుతుంటాయి. బొటనవ్రేలు పైకి లేచి, చీలమండ, మోకాలు ముడుచుకుంటాయి. ఇవి తరచుగా 20 నుండి 40 సెకన్ల ఎడంతో వరుసగా వస్తాయి. రోగికి ఇవి చాలావరకు తెలియవు. తెలిసేది ప్రక్కన పడుకున్నవారికి, ఎందుకంటే తన్నులు తగిలేది వారికే. అందువల్ల వైద్యుడి దగ్గరకు రోగితో పాటు జీవిత భాగస్వామి కూడా వెళ్ళడం మేలు.

కాళ్ళ కదలికలు మాత్రమే ఉండి, మెలకువలో తపన లేకపోతే దానిని ఈ వ్యాధిగా పరిగణించరు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి గమనిస్తే అది కూడా వైద్యునికి చెప్పాలి. ఊపిరి ఆగే రుగ్మతలో కూడా కాళ్ళు కదులుతాయి, దానికి చికిత్స వేరు.

కారణాలు

ఈ వ్యాధి కాళ్ళలో కనిపించినా దీని మూలం మెదడు, వెన్నుపాములలో ఉంది. మెదడులో కొన్ని భాగాలకు తగినంత ఇనుము అందకపోవడం ముఖ్య కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. డోపమిన్ అనే నాడీ రసాయనం తయారవడానికి ఇనుము అవసరం. రక్తంలో హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నవారిలో కూడా మెదడులో ఇనుము తక్కువగా ఉండవచ్చు. ఈ వ్యాధి ఉన్నవారి వెన్నుపాము ద్రవంలో ఫెరిటిన్ తక్కువగా ఉన్నట్లు పరీక్షలలో తేలింది.

రోగులలో సుమారు సగం మందికి కుటుంబంలో మరొకరికి కూడా ఈ వ్యాధి ఉంటుంది. 2007లో మెయిస్1, బీటీబీడీ9 అనే జన్యువులకు దీనితో సంబంధం ఉన్నట్లు కనుగొన్నారు. ఇనుము లోపం, గర్భధారణ, మూత్రపిండాల వైఫల్యం వ్యాధిని కలిగించగలవు లేదా పెంచగలవు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్ర ప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్న ప్రతివారికి ఈ వ్యాధి రాదు. కాని రాత్రివేళ కాళ్ళు నిలవనీయడం లేదని చెప్పే స్త్రీ విషయంలో ఇనుము సంగతి ముందుగా చూడవలసి ఉంటుంది.

నిర్ధారణ

వ్యాధిని రోగి చెప్పే వివరాలను బట్టి నిర్ధారిస్తారు. దీనికంటూ ప్రత్యేకమైన రక్త పరీక్ష గాని, స్కానింగు గాని లేదు. నిద్ర పరీక్ష అందరికీ అవసరం లేదు. అయితే వ్యాధి ఉందని తేలిన ప్రతివారికి ఇనుము పరీక్షలు చేయించాలి. ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ ఇందులో ముఖ్యమైనవి. రక్తం ఉదయం పూట ఇవ్వడం, అంతకుముందు కనీసం 24 గంటలు ఇనుము మాత్రలు మానడం మంచిది. జ్వరం, వాపు వంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ అసలు కంటే ఎక్కువగా కనబడుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ప్రయోగశాల నివేదికలో ఫెరిటిన్ 20 లేదా 30 ఉన్నా "సాధారణం" అని ఉండవచ్చు. ఈ వ్యాధి విషయంలో ఆ సంఖ్య చాలదు. కాబట్టి సాధారణమా కాదా అన్నది కాక, సంఖ్య ఎంత అన్నది చూడాలి.

వ్యాధి తీవ్రతను కొలవడానికి పది ప్రశ్నలతో కూడిన అంతర్జాతీయ కొలమానం ఉంది. మొత్తం 40 మార్కులలో 21 నుండి 30 వరకు వస్తే తీవ్రమైనదిగా, 31 పైబడితే అతి తీవ్రమైనదిగా పరిగణిస్తారు.

చికిత్స

ఇనుము

అమెరికన్ నిద్ర వైద్య అకాడమీ 2025లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, పెద్దవారిలో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకు తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉన్నా, నోటి ద్వారా గాని నరం ద్వారా గాని ఇనుము ఇవ్వవచ్చు. ఫెరిటిన్ 75 నుండి 100 మధ్య ఉన్నప్పుడు నరం ద్వారా ఇవ్వడమే ప్రయోజనకరం. అప్పటికి ప్రేగులు ఇనుమును అంతగా గ్రహించవు.

మాత్రలను రోజుకొకటి లేదా రోజు విడిచి రోజు, విటమిన్ సితో పాటు వేసుకుంటారు. నిమ్మరసం, ఉసిరి వంటివి ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడతాయి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు అడ్డుపడతాయి కనుక వాటికి ఎడం ఉంచాలి. మాత్రలతో ఫలితం కనిపించడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. నరం ద్వారా ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోస్ వంటి మందుల ఫలితం కొన్ని వారాలలో కనిపిస్తుంది. ఇది ఆసుపత్రిలో మాత్రమే చేయవలసిన చికిత్స. ఈ మందు వలన కొందరిలో రక్తంలోని ఫాస్ఫేటు తగ్గుతుంది.

ఇనుము ఎక్కువైతే కాలేయానికి, గుండెకు హాని. పరీక్ష చేయించకుండా సొంతంగా ఇనుము మాత్రలు వాడరాదు. పురుషులలోను, ముట్లుడిగిన స్త్రీలలోను ఇనుము లోపం కనబడితే కడుపులో గాని ప్రేగులలో గాని రక్తస్రావం ఉందేమో కూడా చూడాలి.

బాధను పెంచే మందులు

వేరే జబ్బులకు వాడే కొన్ని మందులు ఈ బాధను పెంచుతాయి.

* జలుబు, దురదలకు వాడే మగత కలిగించే మందులు: క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్.
* వాంతులకు, కళ్ళు తిరగడానికి వాడేవి: మెటాక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్.
* మానసిక వ్యాధులకు వాడేవి: హాలోపెరిడాల్, ఒలాంజపిన్ మొదలైనవి.
* దిగులుకు, నిద్రకు వాడేవి: అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్, ఎసిటలోప్రామ్ మొదలైనవి.

నిద్ర పట్టని రోగికి నిద్ర కోసం ఇచ్చిన మందే కాళ్ళను ఇంకా ఆడించడం అరుదు కాదు. దిగులు మందులను, మానసిక వ్యాధుల మందులను రోగి తనంతట తాను మానరాదు. వాటికి బదులు మరొకటి ఉందేమో వైద్యుడిని అడగాలి. మద్యం, పొగాకు, సాయంత్రం పూట కాఫీ కొందరిలో బాధను పెంచుతాయి.

గాబాపెంటిన్, ప్రీగాబలిన్

ఇనుము సరిచేసి, హాని చేసే మందులు తొలగించిన తరువాత కూడా బాధ మిగిలితే, నేడు మొదటగా ఎన్నుకునేవి గాబాపెంటిన్, ప్రీగాబలిన్ అనే మందులు. ఇవి తపనను తగ్గించి నిద్రను కూడా మెరుగు పరుస్తాయి. మగత, కళ్ళు తిరగడం, కాళ్ళ వాపు, బరువు పెరగడం, మనసు దిగులుపడడం వీటి దుష్ఫలితాలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. ఊపిరి సమస్యలు ఉన్నవారు, మద్యం గాని, నల్లమందు జాతి మందులు గాని తీసుకునేవారు జాగ్రత్త వహించాలి.

డోపమిన్ మందులు, వాటి వలన పెరిగే వ్యాధి

అమెరికాలో ఈ వ్యాధికి రోపినిరోల్ 2005లో, ప్రమిపెక్సోల్ 2006లో అనుమతి పొందాయి. ఇవి మెదడులో డోపమిన్ వలె పనిచేస్తాయి. మొదటి రాత్రి నుండే అద్భుతంగా పనిచేయడం వలన ఎన్నో ఏళ్ళు వీటినే మొదటి మందుగా ఇచ్చారు. కాని కొన్ని నెలలు లేదా సంవత్సరాల తరువాత వ్యాధి ముదరడం బయటపడింది. రాత్రి పదింటికి మొదలయ్యే బాధ సాయంత్రానికి, తరువాత మధ్యాహ్నానికి జరుగుతుంది. కూర్చున్న కొద్ది నిమిషాలలోనే మొదలవుతుంది. చేతులకు ప్రాకుతుంది. దీనిని ఆగ్మెంటేషన్ అంటారు. లెవోడోపా విషయంలో అలెన్, అర్లీ అనే పరిశోధకులు దీనిని 1996లోనే వర్ణించారు.

ఇందులో చిక్కు ఏమిటంటే, మోతాదు పెంచగానే కొన్నాళ్ళు బాధ తగ్గుతుంది. అందుచేత రోగి, వైద్యుడు ఇద్దరూ మందు చాలలేదనే అనుకుంటారు. మళ్ళీ బాధ పెరుగుతుంది, మళ్ళీ మోతాదు పెరుగుతుంది. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 719 మంది పాల్గొన్నారు. అందులో ఆగ్మెంటేషన్ ప్రీగాబలిన్ వాడినవారిలో 2.1 శాతం మందికి, 0.5 మిల్లీగ్రాముల ప్రమిపెక్సోల్ వాడినవారిలో 7.7 శాతం మందికి కనిపించింది. 2025 మార్గదర్శకాలు లెవోడోపా, ప్రమిపెక్సోల్, రోపినిరోల్, రోటిగోటిన్ మందులను మామూలుగా వాడవద్దని సూచించాయి.

ఈ మందుల వలన కొందరిలో జూదం, అతిగా కొనుగోళ్ళు చేయడం, అదుపులేని కామేచ్ఛ వంటి మార్పులు వస్తాయి. ఇది మందు ప్రభావమని రోగికి తెలియదు, సిగ్గుతో దాచవచ్చు కూడా. మందు తగ్గిస్తే సాధారణంగా ఈ మార్పులు పోతాయి.

ఈ మందులు వాడుతున్నవారు హఠాత్తుగా మానరాదు. మానితే బాధ కొన్ని రోజులపాటు భరించలేనంతగా పెరుగుతుంది. వైద్యుని పర్యవేక్షణలో, వేరొక మందు మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గించాలి.

నల్లమందు జాతి మందులు

ఇతర మందులేవీ పనిచేయని తీవ్రమైన వ్యాధిలో, ముఖ్యంగా ఆగ్మెంటేషన్ వచ్చినవారిలో, తక్కువ మోతాదులో ఓపియాయిడ్లు వాడతారు. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ ఇటువంటివి. మలబద్ధకం, మగత, అలవాటు పడే ప్రమాదం, నిద్రలో ఊపిరి మందగించడం వీటిలోని ఇబ్బందులు. ఇవి కఠినమైన నియంత్రణలో ఉన్న మందులు, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాలి.

క్లోనజెపామ్ వంటి నిద్ర మాత్రలు నిద్ర పట్టించవచ్చు గాని తపనను అంతగా తగ్గించవు. 2025 మార్గదర్శకాలు క్లోనజెపామ్‌ను కూడా మామూలుగా వాడవద్దన్నాయి.

మందులు లేని ఉపాయాలు

నడవడం, పిక్కలను సాగదీయడం, కాళ్ళు పిసకడం, వేడినీళ్ళతో గాని చన్నీళ్ళతో గాని తడపడం అప్పటికప్పుడు కొంత ఊరట ఇస్తాయి. మనసును గట్టిగా పట్టి ఉంచే పనులు, ఉదాహరణకు చదరంగం, కుట్లు అల్లికలు, ఆసక్తికరమైన సంభాషణ, కూర్చున్నప్పుడు బాధను తగ్గిస్తాయి. పగటిపూట మితమైన వ్యాయామం మంచిది, రాత్రి ఆలస్యంగా చేసే కఠిన వ్యాయామం బాధను పెంచవచ్చు. మోకాలి బయటి వైపు నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి కండరాన్ని నెమ్మదిగా బిగుసుకునేలా చేసే పరికరానికి 2023లో అమెరికాలో అనుమతి లభించింది. మెగ్నీషియం మాత్రలకు గట్టి ఆధారాలు లేవు.

ప్రత్యేక సందర్భాలు

గర్భిణులలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ బాధ కలుగుతుంది. ఏడవ నెల దాటాక ఎక్కువవుతుంది. ప్రసవమైన తరువాత సాధారణంగా కొద్ది వారాలలో తగ్గిపోతుంది. ఈ సమయంలో ఇనుము లోపాన్ని సరిచేయడమే ముఖ్యమైన చికిత్స.

డయాలిసిస్ చేయించుకునే రోగులలో ఈ వ్యాధి ఎక్కువ. గంటల తరబడి కాళ్ళు కదపకుండా ఉండలేక కొందరు డయాలిసిస్‌ను మధ్యలో ఆపించుకుంటారు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో వైద్య సిబ్బంది ఈ విషయాన్ని గుర్తుంచుకోవడం అవసరం. మూత్రపిండాన్ని మార్పిడి చేసిన తరువాత చాలామందిలో ఈ బాధ తగ్గుతుంది.

పిల్లలలో దీనిని ఎదుగుదల నొప్పులుగాను, తరగతిలో కుదురులేనితనంగాను పొరబడడం జరుగుతుంది.

జీవిత భాగస్వామి పాత్ర

తీవ్రమైన వ్యాధి ఉన్నవారు రాత్రంతా ఇంట్లో పచార్లు చేస్తారు. దంపతులు వేరు గదులలో పడుకోవలసి వస్తుంది. నిద్రలేమి వలన పగలు చిరాకు, మతిమరుపు, వాహనం నడిపేటప్పుడు కునుకు వంటివి కలుగుతాయి. ఈ వ్యాధి ఉన్నవారిలో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు ఇతరుల కంటే ఎక్కువ. బ్రతకడం వృథా అన్న మాట రోగి నోట వస్తే దానిని తేలికగా తీసుకోక, వెంటనే వైద్యుని సహాయం తీసుకోవాలి.

రోగి కాళ్ళు పిసకడంతో పాటు, భాగస్వామి చేయగలిగిన ముఖ్యమైన సహాయాలు ఇవి.

* రెండు వారాలపాటు బాధ ఏ వేళకు మొదలైంది, ఎన్నిసార్లు లేచారు, ఆ రోజు ఏ మందులు వేసుకున్నారు అన్నది వ్రాసిపెట్టడం.
* రోగి అనుమతితో, నిద్రలో కాళ్ళ కదలికలను ఫోనులో చిత్రీకరించి వైద్యునికి చూపడం.
* దగ్గు, జలుబు మందులతో సహా ఇంట్లో వాడే మందులన్నిటినీ వెంట తీసుకువెళ్ళడం.
* ఫెరిటిన్ పరీక్ష జరిగిందా, సంఖ్య ఎంత అని అడగడం.
* డోపమిన్ మందు వాడుతుంటే, బాధ మొదలయ్యే వేళ ముందుకు జరుగుతోందా, డబ్బు ఖర్చులో, ప్రవర్తనలో మార్పు ఉందా అని గమనించడం.
* ప్రయాణాలలో నడవ ప్రక్క సీటు తీసుకోవడం, రోగి లేచి తిరిగినప్పుడు విసుక్కోకపోవడం.

భాగస్వామి తన నిద్రను కూడా కాపాడుకోవాలి. కొంతకాలం వేరు మంచాలపై పడుకోవడం సంసారంలో లోపం కాదు. ఇది చికిత్సలో భాగంగా ఇద్దరూ మాట్లాడుకొని చేసుకోదగిన ఏర్పాటు.

వ్యాధి గమనం

ఇనుము లోపం, గర్భధారణ వంటి కారణాల వలన వచ్చిన వ్యాధి ఆ కారణం తొలగితే తగ్గిపోవచ్చు. వంశపారంపర్యంగా వచ్చినది సాధారణంగా జీవితాంతం ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది, మధ్యలో కొంతకాలం తగ్గి ఉండవచ్చు. ఈ వ్యాధి వలన కాళ్ళు చచ్చుబడవు, ఇది పార్కిన్‌సన్ వ్యాధిగా మారదు. ఇనుము నిల్వలను ఏటా ఒకటి రెండుసార్లు పరీక్షించుకుంటూ, మందులను తక్కువ మోతాదులో ఉంచుకుంటూ, ఎక్కువమంది రోగులు రాత్రి నిద్రను తిరిగి పొందగలరు.